సొరతో పాటు గీత కూడా జరగాలి

హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా ఇవాళ చేప ఎక్కడ మెసులుతుందో ఉప్పాడ పడవకైనా, భీమిలి పడవకైనా చెప్పేది ఆ ఊరే. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉపగ్రహాలు పంపే లెక్కలు చూస్తుంది. నీటి పైపొర ఎక్కడ వెచ్చగా ఉంది, ఎక్కడ చల్లగా ఉంది, పచ్చటి నాచు ఎక్కడ చిక్కబడింది అని పోల్చుకుంటుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరం పోయి, ఎంత లోతున్న నీళ్లలో వల వేస్తే మంచిదో మత్స్యకారులకు చెబుతుంది. ట్యూనా కోసం పోయే పడవలకు విడిగా సూచనలిస్తుంది. వెతుకులాట తగ్గి డీజిల్ మిగులుతుంది కాబట్టి ఈ సమాచారాన్ని నమ్ముకున్న బోట్లు తక్కువేమీ కావు.

చేపను పట్టించే ఈ లెక్క చేపను తప్పించడానికీ పనికొస్తుంది. ఏ నీళ్లలో ఈ వారం వల వేయకుండా ఉంటే సొరపిల్లలు బతుకుతాయో కూడా అది చెప్పగలదు. ఈ కరపత్రం అడిగేది అదే. ఎందుకు అడగాల్సి వస్తోందో తెలియాలంటే ముందు అట్లాంటిక్ దాకా పోయి రావాలి.

పులి సొర ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో అది చలికాలం ఫ్లోరిడా, బహమాస్ పరిసరాల్లో గడిపి, ఎండలు ముదిరాక ఉత్తరానికి బయల్దేరుతుంది. మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ హ్యామర్‌ష్లాగ్ బృందం సొరలకు ట్యాగులు కట్టి ఉపగ్రహాల ద్వారా వెంబడించింది. దాదాపు 40 ఏళ్లుగా జాలర్లు పట్టి, గుర్తు వేసి వదిలిన సొరల రికార్డును దానికి జతచేసింది. 2022లో అచ్చయిన ఫలితం ఇది: నీటి వేడి సగటు కంటే ఒక్క డిగ్రీ పెరిగితే పులి సొరలు మామూలు కంటే 400 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోతున్నాయి. అదీ దాదాపు 14 రోజులు ముందుగా.

అయితే నష్టమేమిటి అంటారా? బహమాస్ 2011లో తన జలాలన్నిటిలోనూ వ్యాపారం కోసం సొరలను వేటాడటం నిషేధించింది. ఫ్లోరిడా 2012 నుంచి తన జలాల్లో పులి సొరను పట్టి చంపనివ్వడం లేదు. పటం మీద గీతలు బాగానే గీశారు. సొరే ఆ గీతలు దాటి పోతోంది. వేల గేలాలతో లాంగ్‌లైన్ పడవలు తిరిగే నీళ్లలో దానికి కాపలా లేదు. రక్షణ ఉన్న చోట సొర లేదు, సొర ఉన్న చోట రక్షణ లేదు. పరిశోధకుల హెచ్చరిక సారాంశం ఇదే.

పసిఫిక్ వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. 2014 నుంచి 2016 దాకా అమెరికా పడమటి తీరాన సముద్రం అసాధారణంగా వేడెక్కింది. అంతకు ముందు తెల్ల సొర పిల్లలు పెరిగే చోటు దక్షిణ కాలిఫోర్నియా. వాటి ఉత్తరపు హద్దు 34వ అక్షాంశం దగ్గర ఉండేది. ఆ వేడిలో అవి 38.5 డిగ్రీల దాకా, బొడెగా బే పరిసరాల వరకు ఎగబాకాయి. మాంటెరే బే అక్వేరియం శాస్త్రవేత్తలు 2021లో ఈ సంగతి ప్రకటించారు. కాలిఫోర్నియా తీరంలోని ఆప్టాస్ దగ్గర ఒడ్డుకు కూతవేటు దూరంలో సొరపిల్లలు ఈదుతుంటే జనం సొరలు పెరిగిపోయాయనే అనుకున్నారు. నిజానికి వాటి చిరునామా మారింది. పెద్ద తెల్ల సొర ఒంట్లో పుట్టిన వేడిని కొంత నిలుపుకోగలదు. చిన్న పిల్ల ఒళ్లు తొందరగా చల్లబడుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లు వెతుక్కుంటుంది. అదే తీరంలో తెల్ల సొరల కాటుకు చచ్చే నీటికుక్కల సంఖ్య కూడా పెరిగింది. సొర వాటిని తినదు, కొరికి వదిలేస్తుంది.

వేడి ఒక్కటే కాదు, ఊపిరి సంగతీ ఉంది. వెచ్చబడ్డ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆఫ్రికా పడమటి తీరానికి ఆవల, కేప్ వర్డీ దీవుల వైపు, సముద్రం లోపల ఆక్సిజన్ అడుగంటిన పెద్ద పొర ఉంది. అక్కడికి వచ్చిన నీలి సొరలు ఎప్పటిలా లోతుకు దిగలేక పై పొరలోనే కిక్కిరిసి తిరుగుతున్నాయనీ, అక్కడ లాంగ్‌లైన్లకు ఎక్కువగా దొరుకుతున్నాయనీ 2021లో ఒక అధ్యయనం చూపింది. గేలం పడేది ఆ పై పొరలోనే. పడవ యజమానికి మాత్రం సొరలు బాగా పడుతున్నాయనే కనిపిస్తుంది. బంగాళాఖాతంలో కూడా దాదాపు 100 మీటర్ల లోతు దాటితే ఆక్సిజన్ బాగా పలచబడుతుంది. అందుకే ఈ అధ్యయనం మనకు పరాయిది కాదు.

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. సొర కదిలిన ప్రతిచోటా వేడినే నిందిస్తే పొరపాటు. అమెరికాలో కేప్ కాడ్ దగ్గర తెల్ల సొరలు పెరగడానికి ముఖ్య కారణం సీళ్లు. 1972 నాటి చట్టం సీళ్లను కాపాడింది. అవి మళ్లీ గుంపులు కట్టాయి. వాటి వెంట సొర వచ్చింది. దక్షిణాఫ్రికాలోని ఫాల్స్ బే నుంచి తెల్ల సొరలు దాదాపు మాయమైతే, వాటిని చంపి కాలేయం మాత్రం తినే ఓర్కా తిమింగలాల మీదికి అనుమానం బలంగా పోయింది. అదే దేశంలో 2021 మార్చిలో ఇంకో వింత జరిగింది. అడుగునున్న చల్లని నీరు ఒక్కసారిగా పైకి ఉబికి, ఆగ్నేయ తీరంలో కనీసం 81 జాతుల సముద్రజీవులు చచ్చిపోయాయి. గాలులు, ప్రవాహాలు మారడం వల్ల అలాంటి ఉబుకులు బలపడుతున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. వెచ్చని నీళ్ల వెంట కొత్త తీరానికి వలసపోయే సొర అలా చల్లని నీటి ఉచ్చులో చిక్కుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఊహతో గీత జరిపితే లాభం లేదు, లెక్క ఉండాలి.

మన సంగతికి వద్దాం. 1951 నుంచి 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల అంతకన్నా తక్కువ. చేపలు ఈ మార్పును ఎప్పుడో పసిగట్టాయి. ఒకప్పుడు ప్రధానంగా మలబారు తీరానివైన నూనె కవళ్లు కొన్ని దశాబ్దాలుగా తూర్పు తీరంలోనూ వలకు పడుతున్నాయి. కవళ్లు కదిలితే వాటిని తినేవి కదలకుండా ఉంటాయా?

ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టాల్సిన చోటు హార్బర్. అక్కడ ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. తెల్లవారుజామున వేలానికి పోసిన కుప్పలో అడుగు పొడవున్న పాల సొర పిల్లను తీసి వెల్లకిలా తిప్పితే, ముందు రెక్కల మధ్య సన్నని చీలిక కనిపిస్తుంది. అది దాని బొడ్డు. పాల సొర గుడ్లు పెట్టదు. దాదాపు ఏడాది మోసి, మావి ద్వారా కడుపులోనే పోషించి, ఒకటి నుంచి ఎనిమిది పిల్లల దాకా కంటుంది. చీలిక ఇంకా తెరుచుకుని ఉంటే ఆ పిల్ల పుట్టి ఎన్నో రోజులు కాలేదని అర్థం. పూడుకుపోయి గీతలా మిగిలితే కొంత ఎదిగిందన్న మాట. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. తేదీ, రేవు, వల వేసిన లోతు, బొడ్డు తెరుచుకుందా మూసుకుందా అన్నవి రాసుకుంటూ పోతే, మన తీరంలో సొర ఏ నెలలో, ఏ మలుపులో పిల్లల్ని పెడుతోందో మూడు నాలుగేళ్లలో పటం తయారవుతుంది. ఆ పటం ఏటికేడు జరుగుతుంటే ఆ సంగతీ తెలుస్తుంది.

రాసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తీర గ్రామాల్లో సాగర మిత్రలను నియమించిందే రోజువారీ వేట వివరాలు రాయడానికి. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు నమూనాలు తీసి జాతులు గుర్తిస్తారు. కానీ ప్రజల ముందుకు వచ్చే అధికారిక పట్టికల్లో సొరలు, వాటి దగ్గరి చుట్టాలు కలిసి తరచు ఒకే పద్దు కింద పడతాయి. 1803లోనే ప్యాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నం చేపలు రెండు వందలను బొమ్మలతో, స్థానికుల నోట విన్న పేర్లతో గ్రంథంగా వేశాడు. రెండు శతాబ్దాల తర్వాత మన లెక్క ఆ వివరానికి తీసికట్టుగా ఉండటం సిగ్గుచేటు.

చట్టాలు లేకపోలేదు. 2001లో తిమింగల సొరతో పాటు మరికొన్ని జాతులను వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు. రెక్కలు కోసి ఒళ్లు సముద్రంలో పారేయడాన్ని 2013లో, రెక్కల ఎగుమతిని 2015లో ఆపారు. 2022 సవరణతో జాబితా ఇంకా పెరిగింది. వీటన్నిటిలో ఒక లోటు ఉంది. ఏ జాతిని చంపకూడదో చట్టం చెబుతుంది కానీ, ఏ నీళ్లను ఎప్పుడు వదిలిపెట్టాలో చెప్పదు. చెప్పేది ఒక్కటే, వేట నిషేధం. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ నిషేధం మంచిదే, తీసేయమని ఎవరూ అనడం లేదు. కానీ క్యాలెండర్‌లోని తేదీ కదలదు, నీరు కదులుతోంది. జాబితాలో లేని పాల సొర జూన్ 15న కంటే దానికి దిక్కెవరు?

కదిలే గీత కొత్త ఊహేమీ కాదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో 2003 నుంచి బ్లూఫిన్ ట్యూనా ఉండే నీటిని ఉష్ణోగ్రత బట్టి గుర్తించి, కోటా లేని పడవలు అక్కడికి పోకుండా సీజన్ పొడవునా హద్దులు మారుస్తూ వచ్చారు. హవాయిలో 2006 నుంచి తాబేళ్లు మెసిలే ఉష్ణోగ్రత పట్టీని పటంగా వేసి లాంగ్‌లైన్ పడవలకు ఇస్తున్నారు. కాలిఫోర్నియాలో ఎకోకాస్ట్ అనే పటం కత్తి చేప దొరికే చోటునూ, తాబేళ్లు, సీలయన్లు, నీలి సొరలు చిక్కుకునే చోటునూ ఒకే తెర మీద ఏ రోజుకారోజు చూపించేలా తయారైంది. ఏడాది పొడవునా పెద్ద విస్తీర్ణం మూసేయడం కంటే, అవసరమైన వారం చిన్న చోటు వదలడం వేటగాడికీ తేలిక. ఇన్‌కాయిస్ చేతిలో ఉన్నదీ అలాంటి ముడిసరుకే. లేనిది సొరపిల్లల లెక్క. అది హార్బర్ల నుంచి రావాలి.

మత్స్యకారుల అనుమానం ఒకటుంది, అందులో న్యాయం ఉంది. ఇవాళ బొడ్డు లెక్క రాసిస్తే, రేపు అదే కాగితం చూపించి వేట మొత్తం ఆపేస్తారేమో అని. మన దగ్గర చాలా బోట్లు సొర కోసమని బయల్దేరవు. వేరే చేప కోసం వేసిన వలలో అది పడుతుంది. పడ్డాక మాంసం, చర్మం, కాలేయం ఏదీ వృథా పోదు. బాలింతకు పాలు పడతాయని పాల సొర పిడుపు వండిపెట్టే ఇళ్లు కోస్తాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తిండి మీదికి పోలీసును పంపడం ఈ కరపత్రం ఉద్దేశం కాదు. పాల సొరను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ముప్పున్న జాతుల్లో లెక్కిస్తోంది. మహాసముద్రాల్లో తిరిగే సొరలు, వాటి చుట్టాలు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో లెక్క తేలింది. పిల్లలు బతికితేనే రేపు పిడుపుకైనా సొర ఉంటుంది.

అందుకని షరతులు ముందే రాసుకోవాలి. లెక్క ఇచ్చిన వాడి మీద ఆ లెక్క ఆధారంగా కేసు పెట్టకూడదు. వదిలేయమన్న చోటు చిన్నదిగా, గడువు వారాల్లో ఉండాలి. నష్టపోయిన రోజులకు, కోసుకున్న వలకు డబ్బు చేతికి రావాలి. ఇది జరిగే పనేనని గుజరాత్ చూపించింది. తిమింగల సొరను వేటాడిన ఆ తీరంలోనే 2004లో ప్రచారం మొదలైంది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచని రామకథా ప్రవచనకారుడు మొరారి బాపు దాని గురించి చెప్పారు. వల కోసి దాన్ని వదిలిన జాలరికి అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. అలా వందల సొరలు మళ్లీ నీళ్లలోకి పోయాయి. మనవాళ్లకూ ఆ మనసు లేకపోలేదు. 2022లో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి ప్రాణాలతో సముద్రంలోకి పంపారు. వేట నిషేధ కాలంలో భృతి ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో ఎలాగూ ఉంది. దానికి ఇంకో పద్దు కలపడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

మత్స్యకార సహకార సంఘాల పెద్దలకు, బోటు యజమానులకు, తీర గ్రామాల సర్పంచులకు ఒక విన్నపం. వచ్చే ఏప్రిల్ 15న బోట్లు ఒడ్డెక్కేలోగా మీ ఊళ్లో సభ పెట్టి ఈ కాగితం చదివి వినిపించండి. సాగర మిత్రలు సొరలను జాతి పేరుతో, బొడ్డు గుర్తుతో రాయాలనీ, ఆ లెక్క చూసి ఇన్‌కాయిస్ చేపల సూచనతో పాటే సొరపిల్లల హెచ్చరిక కూడా ఇవ్వాలనీ, మూడేళ్లకోసారి హద్దులనూ తేదీలనూ మత్స్యకారుల ఎదుటే సమీక్షించాలనీ, వల నష్టానికి పరిహారం ఇవ్వాలనీ తీర్మానం చేయండి. ఒక ప్రతి జిల్లా మత్స్యశాఖకు, ఒకటి మీ శాసనసభ్యుడికి, ఒకటి హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌కు పంపండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మరవకండి.