చలానా కట్టేముందు

కూడలి మలుపులో ఆటో ఒకటి బైకును రాచుకుంటుంది. బైకు మీది మనిషి పక్కకు ఒరిగి పడతాడు. మోచెయ్యి గీరుకుంటుంది, ఇండికేటర్ పగులుతుంది. అయిదు నిమిషాలలో జనం పోగవుతారు, ట్రాఫిక్ కానిస్టేబుల్ వస్తాడు. సాయంత్రానికి ఆటో డ్రైవరు చేతిలో ఒక కాగితమో, ఫోనులో ఒక సందేశమో మిగులుతుంది. హైదరాబాదు పాతబస్తీలోనైనా, కర్నూలులోనైనా, గుంటూరులోనైనా ఇది ప్రతిరోజూ జరిగే సంఘటనే. ఇంత చిన్న విషయానికి సంపాదకీయమెందుకని కొందరికి అనిపించవచ్చు. స్వయం ఉపాధి మీద బతికేవారి వాటా ముస్లింలలో ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ఆటో, క్యాబు, ట్రాలీ, మెకానిక్ షెడ్డు మన బస్తీల అన్నం గిన్నెలు. లైసెన్సు పోతే ఆ గిన్నె బోర్లా పడుతుంది. కనుక ఇది మాకు చిన్న విషయంగా తోచడం లేదు.

ఇటువంటి సందర్భంలో మనవాళ్లు సాధారణంగా రెండు దారులలో ఒకటి పడుతున్నారు. భయపడినవాడు చదవకుండా సంతకం చేసి, అడిగినంత కట్టి బయటపడాలనుకుంటాడు. రోషం వచ్చినవాడు కాగితాన్ని చింపి పారేసి, సమన్లు వచ్చినా కోర్టు గడప తొక్కడు. ఈ రెండూ నిర్ణయాలు కావు, నిర్ణయాన్ని తప్పించుకోవడాలు మాత్రమే. కట్టాలా, వాదించాలా అన్నది ఆ కాగితం ఏమిటో తెలిసిన తరువాత తేల్చుకోవలసిన సంగతి.

మొదట తెలుసుకోవలసినది, చలానా వేరు, కేసు వేరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 200వ సెక్షన్ కొన్ని తప్పులకు నిర్ణీత రుసుము కట్టి వ్యవహారం ముగించుకునే వీలు ఇస్తుంది. హెల్మెట్ లేకపోవడం, బీమా లేకపోవడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. రుసుము కట్టాక ఆ తప్పు మీద మళ్లీ కోర్టు చర్య ఉండదు. అయితే ప్రమాదకరంగా నడిపారనే 184వ సెక్షన్ ఆరోపణను, చేతిలో ఫోను పట్టుకుని నడిపిన సందర్భంలో తప్ప, ఇలా ముగించడానికి 2019 సవరణ తరువాత వీలు లేదు. అది కోర్టులోనే తేలాలి.

ఎదుటివారికి గాయమైతే సంగతి ఇంకా మారుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద నిర్లక్ష్యపు డ్రైవింగ్, 125వ సెక్షన్ కింద ఇతరులకు గాయం కలిగించడం అనే నేరాలతో ఎఫ్‌ఐఆర్ నమోదు కావచ్చు. రోడ్డు మీద కట్టిన చలానా ఈ కేసును ముగించదు. రసీదు జేబులో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాడికి నెలల తరువాత సమన్లు రావడంలోని రహస్యం ఇదే. చిన్న గాయం కేసులో ఇవి బెయిలు పొందదగిన నేరాలే. బెయిలు ఇక్కడ హక్కు, ఎవరి దయా కాదు.

పోలీసు స్టేషన్‌లో మరికొన్ని విషయాలు గుర్తుండాలి. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి ఎవరూ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం మూడవ క్లాజులో ఉంది. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద ఇచ్చినవారి సంతకం తీసుకోరాదని చట్టమే చెబుతోంది. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే దానికి బదులు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. కొన్ని సందర్భాలలో ఆ రసీదు మీద బండి నడుపుకోవచ్చు. ప్రమాదకరంగా నడపడం వంటి ఆరోపణల మీద స్వాధీనం చేసుకుంటే మాత్రం, లైసెన్సు తిరిగి వచ్చేవరకు ఆ రసీదు బండి నడపడానికి అనుమతి కాదు. ఈ రసీదు అడగడం తెలియక వారాల తరబడి బండి ఇంటిముందు నిలబెట్టుకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి.

కోర్టు దాకా వెళ్లినప్పుడు అసలు ప్రశ్న ఎదురవుతుంది. తప్పు ఒప్పుకుంటే కొద్దిపాటి జరిమానాతో ఒక్క పూటలో పని ముగుస్తుందని గుమాస్తాలు, దళారులు సలహా ఇస్తారు. ఆ సలహా కొన్నిసార్లు సరైనదే. కానీ దాని ధర ముందే తెలియాలి. తప్పు ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే నమోదవుతుంది. ఆ తరువాత అప్పీలుకు వెళ్లినా శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే అనవచ్చు, తప్పే చేయలేదని అనడానికి దారి మూసుకుపోతుంది. గాయపడినవారు నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళితే ఆ ఒప్పుకోలు అక్కడ ఎదురు నిలుస్తుంది. జరిమానా అయిదు వందలే అయినా దాని నీడ అయిదు వందలతో ఆగదు.

మరోవైపు, వాదిద్దామని కేసును ఏళ్ల తరబడి సాగదీయడానికీ ధర ఉంది. గల్ఫ్ ప్రయాణమే ఆశగా బతికే కుటుంబాలు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించడానికి 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షన్ అధికారమిస్తోంది. అప్పుడు కేసు నడుస్తున్న కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకోవలసి ఉంటుంది. నిజంగా తప్పు లేనివాడు వాదించాలి. అయితే వీసా చేతికి వచ్చాక కాదు, సమన్లు అందిన రోజు నుంచే ప్లీడరును కలిసి, వాయిదా తప్పకుండా వాదించాలి.

రాజీ మాటకొస్తే, పెద్దమనుషులు కూర్చుని రోడ్డు పక్కనే తేల్చే పద్ధతి మన బస్తీలలో పాతదే. అందులో మంచి ఉంది, ప్రమాదమూ ఉంది. కాగితం లేకుండా చేతిలో పెట్టిన డబ్బుకు రేపు సాక్ష్యం ఉండదు. బీమా కంపెనీకి తెలియజేయకుండా చేసుకున్న ఒప్పందానికి ఆ కంపెనీ కట్టుబడి ఉండదు. గాయం కేసులో బాధితుడు కోర్టు అనుమతితో రాజీపడవచ్చు, నిర్లక్ష్యపు డ్రైవింగ్ నేరానికి మాత్రం చట్టంలో రాజీ లేదు. లోక్ అదాలత్ కూడా రాజీకి వీలైన నేరాలనే పరిష్కరించగలదు. ఆ రోజు కోర్టు ఆవరణలో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వస్తే అది రాజీ కాదు, శిక్షే. ఈ తేడా తెలియకుండా వేలిముద్ర వేయరాదు.

ఇక మాట్లాడుకోవడానికి అందరూ వెనుకాడే సంగతి ఒకటుంది. ప్రమాదం జరిగినప్పుడు గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యతని 134వ సెక్షన్ చెబుతోంది. మూక ఆగ్రహం వంటి కారణాల వల్ల అది సాధ్యం కానప్పుడు మినహాయింపు ఉంటుందని అదే సెక్షన్‌లో ఉంది. పేరు అడిగి గొంతు పెంచే గుంపును చూసినప్పుడు మన యువకులలో కలిగే భయం కల్పితం కాదు. ఆ భయాన్ని చట్టం 1988లోనే గుర్తించింది. కానీ ఆ మినహాయింపు పారిపోవడానికి అనుమతి కాదు. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటలలోపు, సమీపంలోని పోలీసు స్టేషన్‌లో సమాచారం ఇవ్వాలి. 108కి, 112కి ఫోను చేయాలి. బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపాలి. ఇవి చేసినవాడు కోర్టులో నిలబడగలడు. చేయనివాడి భయాన్ని ఎవరూ నమ్మరు, పారిపోయాడన్న మాటే రికార్డులో మిగులుతుంది.

మన వైపు లోపాలను దాచిపెట్టి హక్కుల గురించి మాట్లాడడం మాకు ఇష్టం లేదు. బీమా లేని ఆటోలు, పదహారేళ్ల పిల్లల చేతికిచ్చిన బైకులు మన వీధులలో తిరుగుతూనే ఉన్నాయి. మైనరు నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, వాహన యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని 199ఏ సెక్షన్ విధిస్తోంది. బీమా లేని బండి గాయం చేస్తే నష్టపరిహారం యజమాని ఇల్లు అమ్మి కట్టవలసినదే. తప్పు మనదైనప్పుడు ఒప్పుకుని, గాయపడినవాడిని పరామర్శించి, చెల్లించవలసినది చెల్లించడమే మర్యాద. పడినవాడు ఏ మతంవాడైనా అతనికీ ఇల్లుంది, రోజుకూలీ ఉంది.

ప్రభుత్వాలను మేము కోరేవి కొన్నే. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. అయినా డ్రైవరు సంతకం పెట్టే కాగితం అతనికి రాని ఇంగ్లీషులోనే వస్తోంది. చలానా, సమన్లు, తప్పు ఒప్పుకోలు పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఇవ్వాలి. బకాయి చలానాల మీద తెలంగాణ ప్రభుత్వం 2022లోనూ 2023లోనూ భారీ రాయితీలు ప్రకటించింది. జనం సంతోషంగా కట్టారు, మంచిదే. కానీ చలానా తప్పుగా పడిందన్నవాడి మాట వినే వ్యవస్థ బలపడకుండా రాయితీలు మాత్రమే వస్తుంటే, వాదించడం కంటే వేచి ఉండడమే లాభమని పౌరుడు నేర్చుకుంటాడు.

ఉచిత న్యాయ సహాయం గురించి కూడా ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ జాబితాలో స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు, ఆదాయ పరిమితికి లోబడినవారు ఉన్నారు. మైనారిటీ అన్న కారణంగా మాత్రమే ఈ సహాయం అందదు. కానీ మన ఆటో డ్రైవర్లలో అత్యధికులు ఆదాయం ప్రాతిపదికనే అర్హులవుతారు. 15100కు ఫోను చేసినా, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లినా చాలు. మసీదు కమిటీలు, ఆటో యూనియన్లు ఈ నంబరును నోటీసు బోర్డు మీద రాయించాలని, నెలకొకసారి ఒక ప్లీడరును పిలిపించి చలానాలు, సమన్లు చదివించాలని మేము విజ్ఞప్తి చేస్తున్నాము. కాగితంలో ఏముందో తెలిసిన తరువాత మనిషి కట్టినా, వాదించినా, అది అతని నిర్ణయం అవుతుంది.