సీరియల్ డాక్టరును నమ్మవచ్చునా?

ప్రశ్న: మా బాబుకు పధ్నాలుగు నెలలు. మొన్న వాడికి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మా అత్తగారు పాలూ, నీళ్ళూ మానిపించారు. ఎంత తాగిస్తే అంతా పోతుందని ఆవిడ నమ్మకం. నా మాట వినలేదు. ఆ రాత్రి టీవీ సీరియల్లో అచ్చంగా ఇలాగే జరిగింది. అందులో డాక్టరమ్మ బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పట్టించమంది. వెంటనే మా అత్తగారే పొట్లం తెప్పించారు. బాబు కోలుకున్నాడు. కాని వారం తిరక్కుండా పక్కింటి అబ్బాయికి మూర్ఛ వస్తే, ఇంకో సీరియల్లో చూశానంటూ వాడి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఇంతకీ సీరియల్‌ను నమ్మాలా, వద్దా?
- ఒక సోదరి, నాంపల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారిని తప్పు పట్టకండి. మీరు చెబితే అది కోడలి మాట అయింది. సీరియల్లో చూస్తే, ఎవరికీ తగ్గకుండానే మనసు మార్చుకునే వీలు ఆవిడకు దొరికింది. ఆరోగ్య ప్రచారానికి నాటకాన్ని ఎన్నుకున్నవారు నమ్ముకున్నది ఈ గుణాన్నే.

ఇది కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో మన తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ అందులో ముఖ్య విషయాలు. మెక్సికోలో మిగెల్ సబిదో 1977లో కుటుంబ నియంత్రణపై ఒక సీరియల్ తీశారు. ఆ పద్ధతిని చూసి మన దూరదర్శన్ 1984 జూలై 7న 'హమ్ లోగ్' మొదలుపెట్టింది. అది 156 భాగాలు నడిచింది. మొదట్లో కుటుంబ నియంత్రణ బోధ ఎక్కువై జనానికి విసుగు పుట్టింది. బోధ తగ్గించి ఇంటి కష్టసుఖాలు చూపించాక అందరూ అతుక్కుపోయారు.

అందులో భగవంతి అనే తల్లి ఉంది. అన్నీ ఓర్చుకుని నలిగిపోయే మనిషి. ఇలా బతకకూడదని చెప్పడానికి ఆ పాత్రను పెడితే, చూసేవారిలో చాలామంది ఆదర్శ గృహిణి అంటే ఈమే అనుకున్నారు! చూపించింది ఒకటి, జనం తీసుకున్నది ఒకటి. ప్రతి భాగం చివరా నటుడు అశోక్ కుమార్ వచ్చి, జరిగిన కథ గురించి ప్రేక్షకులతో నాలుగు మాటలు మాట్లాడేవారు. ఇప్పటి సీరియళ్ళలో ఆ పెద్దమనిషి లేడు. ఇంట్లో ఆ పని మీరే చెయ్యాలి. సీరియల్ అయ్యాక ఐదు నిమిషాలు టీవీ కట్టేసి, "అత్తయ్యా, ఇది నిజమేనంటారా? డాక్టరును అడుగుదామా?" అనండి. వాదన వద్దు.

ఇక మీరు చెప్పిన రెండు సంఘటనలు చూద్దాం.

విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. సరైన వైద్యమే. పెద్ద పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. చిన్న పొట్లాలూ ఉంటాయి కనుక పైన రాసిన కొలత చూడండి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మి.లీ. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా నెమ్మదిగా పట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, మామూలు తిండి మానిపించకూడదు. డాక్టరు సలహాతో జింకు మందు 14 రోజులు ఇవ్వాలి. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో కూర్చోవద్దు. మీకు దగ్గరలోనే రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రి ఉంది.

ఒక హెచ్చరిక. ఓ.ఆర్.ఎస్. అన్న పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ముదరవచ్చు. మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ఆబిడ్స్‌కు వెళ్ళినప్పుడు మందుల షాపులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్న పొట్లాలు రెండు కొని ఇంట్లో ఉంచుకోండి.

మూర్ఛకు తాళాల గుత్తి ఎందుకూ పనికిరాదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ గొప్పతనం తాళాలకు దక్కుతోంది! రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చెయ్యండి. నోట్లో చెంచా కాని, నీళ్ళు కాని పెట్టకండి. అదిమి పట్టుకోవద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. ఆ అబ్బాయికి వచ్చింది మొదటిసారి అయితే, ఇప్పుడు బాగానే ఉన్నా సరే, డాక్టరుకు చూపించమని వాళ్ళ అమ్మకు చెప్పండి.

కాబట్టి సీరియల్ చూడండి, కాని మందు మాత్రం డాక్టరును అడిగే వాడండి. మనవడికి ఓ.ఆర్.ఎస్. తెప్పించిన మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ జవాబు ఆవిడకు చదివి వినిపించండి, తాళాల సంగతితో సహా.