నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు



మూడు నెలల క్రిందట మా చెల్లెలికి 32వ వారముననే మగశిశువు కలిగెను. బిడ్డను ఆసుపత్రిలో గాజుపెట్టెయందుంచి, తల్లిని వేరొక గదిలో పరుండబెట్టిరి. ఆమె పిండుకొనగా వచ్చినవి నాలుగు చుక్కలే. చూడవచ్చిన పెద్దలు "దీనికి పాలు పడలేదు, డబ్బాపాలు తెప్పింపుడు" అని తేల్చివేసిరి. నేనును తల యూపితిని. ఆ తప్పునకు ప్రాయశ్చిత్తముగా ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొదటి దినమున చుక్కలే వచ్చుట సహజము. నెలలు నిండిన బిడ్డ తానే చీకి తల్లికి పాలు రప్పించుకొనును. సుమారు 34 వారములు నిండువరకు చీకుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట అను మూడింటిని పొందికగా చేయుట శిశువునకు చేతకాదు. కావున బిడ్డ చేయవలసిన పనిని తల్లి చేయియో, పాలు తీయు పంపో చేయవలయును. ఏటిలోని చెలమవలె పాలు తీసినకొలది ఊరును. తీయక విడిచినచో క్రమముగా తగ్గిపోవును.

కాన్పైన మొదటి గంటలోనే, వీలుకానిచో ఆరు గంటలలోపల, పిండుట మొదలిడవలయును. తొలి రెండు దినములు చేతితో పిండుటయే మేలు. ముర్రుపాలు చిక్కనివి, కొలదివి యగుటచే పంపునకంటుకొని వ్యర్థమగును. ఆ చుక్కలను శుభ్రమైన చెంచాలో పట్టి బిడ్డకు పంపవలయును. వానిని పారబోయుట బిడ్డ రక్షను పారబోయుటయే. పిమ్మట రాత్రింబవళ్లు కలిపి ఎనిమిదిమార్లకు తగ్గకుండ, మారునకు పదునైదు ఇరువది నిమిషములు పంపుతో తీయవలయును. రాత్రి పూట మానరాదు. చేతులు సబ్బుతో కడుగుకొని, పంపు భాగములను ప్రతిమారు వేడినీటితో సబ్బుతో కడిగి ఆరబెట్టవలయును. నొప్పి కలిగినచో ఓర్చుకొనక నర్సుకు చెప్పవలయును.

మనసు కలతపడినచో పాలు చేపవు. బిడ్డ దగ్గర కూర్చుండుట, వైద్యులు సమ్మతించినపుడు శిశువును రొమ్మునకు చర్మము తగులునట్లు హత్తుకొనుట మిక్కిలి మేలు. ఈ పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున మొదలై లోకమంతట వ్యాపించినది. దూరముననున్నపుడు బిడ్డ కప్పుకొన్న గుడ్డ చెంతనుంచుకొన్నను చాలును.

ఇంత చేసినను కొందరికి పాలు చాలకుండవచ్చును. అది వారి దోషము కాదు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రివంటి చోట్ల ఇతర తల్లులిచ్చిన పాలను పరీక్షించి నిలువచేయు పాలబ్యాంకులు గలవు. డబ్బాపాలకు ముందు వానిని గూర్చి వైద్యుని అడుగవలయును.

మా చెల్లెలి అత్తగారు రాత్రులు తానే మేల్కొని, పంపు కడిగి, కోడలిని లేపుచు, "లెమ్మా, పిల్లవాడు ఎదురుచూచుచున్నాడు" అనెడివారు. అయిదవ దినమున గిన్నె యడుగు నిండెను. రెండు వారములకు దినమునకు అర లీటరు వచ్చెను. బిడ్డ మొదట గొట్టముతో, పిదప ఉగ్గుగిన్నెతో త్రాగి, ఇపుడు తల్లియొడిలో చీకుచున్నాడు.

అట్టి బాలింత మీ యింట నున్నచో "పాలు పడలేదు" అను మాట మీ నోట రానీయకుడు. పని యందుకొనుడు.