పసుపు క్యాప్సూళ్ల సీసాపై ఒక హెచ్చరిక కావాలి

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అధ్యక్షులకు,



ప్రొస్టేట్ క్యాన్సర్‌కు డోసిటాక్సెల్ అనే కీమోథెరపీ మందు ఎక్కించుకుంటున్న పెద్దవాళ్ల ఇళ్లలో, మందుల డబ్బా పక్కన పసుపు క్యాప్సూళ్ల సీసా కనిపించడం మామూలైపోయింది. వాట్సాప్‌లో చదివి కొడుకో అల్లుడో తెచ్చిపెడతారు. గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాల మీద పసుపులోని కర్‌క్యుమిన్, డోసిటాక్సెల్ జోడీ బాగా పనిచేసిన మాట నిజమే. కానీ మన పేగులు కర్‌క్యుమిన్‌ను సరిగా పీల్చుకోవు. ఫ్రాన్స్‌లో రోగులకు రెండూ కలిపి ఇచ్చి చూసిన పరీక్షను, లాభం లేదని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

పేగులు పీల్చుకోవనే కంపెనీలు మిరియాల్లోని పైపెరిన్ కలుపుతున్నాయి. చిక్కంతా అక్కడే. డోసిటాక్సెల్‌ను విరగ్గొట్టే కాలేయపు ఎంజైమును పైపెరిన్ అడ్డుకోగలదు. అలా జరిగితే మందు ఒంట్లో పేరుకుని, తెల్లరక్తకణాలను ఇంకా తగ్గిస్తుంది. అవి మరీ పడిపోతే మామూలు జ్వరమే ప్రాణం మీదికి తెస్తుంది. చారులో మిరియాల గురించి కాదు నా బెంగ, గాఢమైన సారం గురించి. పైగా ‘ఆహారమే కదా’ అని డాక్టరుకు చెప్పరు.

మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. డోసిటాక్సెల్ మూలం కూడా యూ చెట్టు ఆకులే. కాకపోతే దానికి మోతాదు తేల్చారు.

‘కీమోథెరపీలో ఉన్నవారు క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు’ అన్న వాక్యాన్ని పైపెరిన్ ఉన్న ప్రతి సీసా ముందువైపు, తెలుగుతో సహా స్థానిక భాషల్లో, తప్పనిసరి చేయండి. ఆన్‌లైన్ అమ్మకాలకూ ఇదే వర్తించాలి. ఎప్పటిలోగా చేస్తారో బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక వినియోగదారు