గుర్రాల లెక్కా? డ్రమ్ముల లెక్కా?

సావనీరుకి ఏదైనా వ్రాసిమ్మని అడిగితే ఆయిల్ ఇంజను గురించి వ్రాస్తానన్నాను. హాస్టల్లో మిత్రులు ఘొల్లున నవ్వారు. కవితలూ కథానికలూ అచ్చయ్యే పుస్తకంలో ఈ డీజిలు వాసన ఏమిట్రా అన్నారు. నవ్విన వాళ్ళలో చాలామంది ఆ డీజిలు పోసి పండించిన మిరపకాయల డబ్బుతోనే ఫీజు కట్టినవాళ్ళు!

మాది పర్చూరు వైపు పల్లె. నల్లరేగడి. మిరప, పత్తి వేస్తాం. కరెంటు మోటారున్న రైతుకి 2004 నుంచి ఉచిత విద్యుత్తు వచ్చింది గాని, వాగు గట్టున, కాలవ చివర, స్తంభం చేరని చోట ఈనాటికీ ఆయిల్ ఇంజనే దిక్కు. మాకొక 5 హెచ్.పి. ఇంజను ఉంది. మా తడి అయ్యాక నాయన దాన్ని అద్దెకిస్తాడు. గంటకి ఇంత అని అద్దె, డీజిలు మాత్రం తీసుకెళ్ళినవాడిదే. తీసుకెళ్ళేది ఎక్కువగా కౌలు రైతులు. ఆ గంటల లెక్క గురించే నా తగవంతా.

ముందు ఇంజను సంగతి చెప్పాలి. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ ఆ గాలిని పదహారు పదిహేడో వంతుకి నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి 500 డిగ్రీల పైన వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిలుని మంచులా చిమ్ముతుంది. అగ్గిపుల్ల అక్కరలేదు, పెట్రోలు బండికుండే ప్లగ్గూ అక్కరలేదు. తనంత తానే అంటుకుని పిస్టన్ని కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పొగని బయటికి నెడుతుంది. నాలుగు స్ట్రోకుల్లో పనిచేసేది ఒక్కటే, తక్కిన మూడూ ఫ్లైవీలు విసురు మీద నడిచిపోతాయి. బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. ఉన్న ఇంజను నిముషానికి 1500 చుట్లు తిరిగితే 750 సార్లు గాలి పీల్చాలి, అంటే 400 లీటర్ల పైచిలుకు గాలి. ఎయిర్ ఫిల్టరుకి దుమ్ము పట్టి ఆ గాలి అందకపోతే డీజిలు పూర్తిగా మండక నల్లపొగై పోతుంది. మా ఊళ్ళో నల్లపొగ కక్కే ఇంజన్ని బలమైన ఇంజనంటారు. అది బలం కాదు, గాలిలో కలిసే డబ్బు.

ఇక ప్లేటు మీది 5 హెచ్.పి. అంటే ఏమిటి? సిలిండరు లోపల మంట పుట్టించే శక్తి ఒకటి. రాపిడికి పోగా షాఫ్టు దగ్గర మిగిలేది ఇంకొకటి. దీన్ని బ్రేకు వేసి కొలుస్తారు గనుక బ్రేక్ హార్స్ పవర్ అన్నారు. ప్లేటు మీద ఉండేది ఈ రెండోదే. చేలో పారే నీటిలో ఎంత శక్తి ఉందో ఏ ప్లేటూ చెప్పదు. రైతుకి కావలసింది అదొక్కటే!

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ మూడోదాన్ని నేనే కొలిచాను. 200 లీటర్ల డ్రమ్మొకటి, వాచీ, అర లీటరు సీసా, తాడు, అంతే సరంజామా. డెలివరీ పైపు కింద పెడితే డ్రమ్ము 17 సెకన్లలో నిండింది. వాగు నీటి నుంచి పైపు మూతి దాకా తాడేసి చూస్తే 5 మీటర్లు. ట్యాంకు పైపు తప్పించి సీసా తగిలిస్తే అర లీటరు 30 నిముషాలకి అయిపోయింది. రాత్రి కూర్చుని లెక్క వేశాను. నీటికి అందుతున్నది ముప్పాతిక హెచ్.పి.! గంటకి లీటరు డీజిలులో ఉన్న వేడి సుమారు 10 కిలోవాట్లు, అందులో నీటికి చేరేది 0.6 కూడా లేదు. రూపాయి డీజిలు పోస్తే ఆరు పైసల పని. లీటరు వందకి అటూ ఇటూగా ఉన్న ఈ రోజుల్లో!

ఎకరానికి రెండంగుళాల తడి అంటే సుమారు రెండు లక్షల లీటర్లు. మా ఇంజనుతో నాలుగు గంటల ముప్పావు పడుతుంది. నీరెంత తక్కువ పోస్తే అద్దె అంత ఎక్కువ వస్తుందన్నమాట. మా ఇంజనుకే, మా చేతికే.

నాయనతో అంటే, "అబ్బాయా, ఊరంతా గంటల లెక్కే. నువ్వొక్కడివీ డ్రమ్ముల లెక్క తెస్తే నలుగురూ నవ్విపోతారు" అన్నాడు. అన్నాడే గాని, మర్నాడు ఫుట్‌వాల్వు పైకి లాగి చూశాడు. జల్లెడ నిండా నాచు. సక్షన్ పైపు జాయింటు దగ్గర గాలి లాగుతోంది. అది బిగించి, అక్కర్లేని వంపొకటి తీసేసి, ఫిల్టరు కడిగి, నాజిల్ బాగుచేయించాం. డ్రమ్ము 14 సెకన్లకి నిండింది, అర లీటరు 36 నిముషాలు వచ్చింది. ఎకరానికి లీటరున్నర డీజిలు, దగ్గర దగ్గర గంట అద్దె మిగిలింది. ఆ మిగులు కౌలుదారుదే. నాయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో నీరు తోడే ఆవిరి యంత్రాలకి బౌల్టన్, వాట్ కంపెనీ పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడోవంతు వసూలు చేసేది. గుర్రపు శక్తిని లెక్కకట్టిన వాట్ కూడా డబ్బు దగ్గర బొగ్గు లెక్కే చూశాడు! 1811 నుంచి జోయెల్ లీన్ అనే ఆయన అక్కడి ఒక్కొక్క యంత్రం ఇంత బొగ్గుకి ఎంత నీరు ఎంత ఎత్తుకి ఎత్తిందో నెలనెలా అచ్చువేయించాడు. పక్క గనివాడి అంకె చూసి ప్రతివాడూ తన యంత్రం సరిచేసుకున్నాడు. పాతికేళ్ళలో సగటు రెట్టింపు దాటింది.

పంచాయతీ బోర్డు మీద మన ఊరి ఇంజన్లకి అలాంటి జాబితా ఒకటి ఎందుకు వ్రాయకూడదు? లీటరుకి ఎన్ని డ్రమ్ములు, ఎంత ఎత్తు, అంతే. అద్దె కూడా దాని మీదే మాట్లాడుకోవచ్చు. ఇంజను ఆసాములు ఒప్పుకోరంటారు. మా ఇంట్లోనే ఇంకా ఒప్పుకోలేదు, నాకు తెలుసు. కొలిచి చెప్పేవాడుంటే తీసుకెళ్ళేవాడు అడగనైనా అడుగుతాడు గదా! దీనికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు. ఫిజిక్సు లాబులో మిల్లీమీటరులో నూరో వంతు కొలిచే మనకి డ్రమ్ము నిండే సెకన్లు లెక్కపెట్టడం కష్టమా?

వచ్చే సెలవుల్లో మా చుట్టుపక్కల నాలుగూళ్ళు తిరగాలనుకుంటున్నాం. ఇప్పటికి ముగ్గురం. డ్రమ్ము మా ఇంట్లో ఉంది. వాచీలు తెచ్చుకోండి.