ఆ అమ్మాయి "వద్దు సార్" అన్న రోజు

మా ఆయనది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పెళ్ళయిన కొత్తలో మా అమ్మమ్మ "అబ్బాయి ఏం పని చేస్తాడే?" అని అడిగితే, "వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు వెతుకుతారు అమ్మమ్మా" అన్నాను. "అయితే వంకలు పెట్టినందుకు జీతమన్నమాట" అందావిడ. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఉద్యోగం గురించి అంతకంటే బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. ఇప్పుడాయన తప్పులు వెతకరు, వెతికే తొమ్మిదిమందికి మేనేజరు.

2020లో ఆఫీసు మా డైనింగ్ టేబుల్ మీదకి వచ్చింది. తరవాత సగం వెనక్కి వెళ్ళింది గానీ, వారానికి రెండు రోజులు ఇంకా ఇక్కడే. వినాలని కాదుగానీ, బెండకాయలు తరుక్కుంటూ చెవులు మూసుకోలేం కదా! స్టాండప్, రిగ్రెషన్, సైన్ ఆఫ్... నాకు అన్నీ నోటికొచ్చేశాయి.

పోయినేడు ఒక గురువారం సాయంత్రం. టీమ్‌లో అందరికంటే చిన్నపిల్ల గొంతు. "సార్, పాత కస్టమర్ల బిల్లు ఒకసారి తేడాగా వచ్చింది. మళ్ళీ చేస్తే రావట్లేదు. రెండు రోజులు టైమిస్తే పట్టుకుంటాను. రేపు రిలీజ్ వద్దు సార్." ఈయన, "స్క్రీన్‌షాట్ ఉందా?" అన్నారు. లేదంది. "మళ్ళీ రానిదాన్ని చూపించి క్లయింటుని ఎలా ఆపమంటావమ్మా?" అన్నారు. గొంతులో కోపమేమీ లేదు, మర్యాదగానే అన్నారు. శుక్రవారం సైన్ ఆఫ్ ఇచ్చేశారు.

మంగళవారానికల్లా కొంతమందికి బిల్లు రెండుసార్లు పడింది. ఆ రాత్రి పెద్ద మీటింగ్. అవతల నుంచి ఎవరో "ఇది టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు?" అని అడిగారు. నేను చపాతీ పెనం మీద వేసి ఆగిపోయాను. ఇప్పుడు చెప్తారు, "మా అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు" అని చెప్తారు అనుకున్నాను. ఆయన "మా టీమ్ ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది" అన్నారు. ఆ అమ్మాయి కూడా ఆ కాల్‌లోనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. చపాతీ మాడింది.

ఆ తరవాత ఆ పిల్ల "వద్దు సార్" అనడం మానేసింది. ఏదున్నా మెయిలే. అందులో పై ఆఫీసరు పేరు కూడా పెట్టి మరీ పంపుతుందట. మా ఆయన భోజనాల దగ్గర విసుక్కున్నారు, "ఈ కాలం పిల్లలకి మనుషుల మీద నమ్మకమే లేదు" అని. "ఆ మంగళవారం మీరు నోరు తెరిచుంటే ఉండేదేమో" అన్నాను. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆయనే, "నా పైవాడు నన్ను నమ్మితే కదా నేను వీళ్ళని వెనకేసుకొచ్చేది" అన్నారు. అదీ నిజమేలెండి. నెలనెలా ఎవరు ఎన్ని బగ్స్ పట్టారో పట్టిక కట్టి పైకి పంపాలట. సంఖ్య తగ్గితే "మీకింతమంది ఎందుకు?" అంటారు. దాంతో టెస్టర్లేం చేస్తారంటే, ఒక్క తప్పుని మూడు ముక్కలు చేసి మూడుగా రాస్తారు. బటన్ రంగు తేడా, ఒక అక్షరం తప్పు, ఇలాంటివి పదిపది ఎక్కిస్తారు. అవతల కోడ్ రాసేవాళ్ళకి ఒళ్ళు మండి "నా మెషిన్‌లో బాగానే ఉంది" అని తిప్పి కొడతారు. ఆ పాత కస్టమరు బిల్లు లాంటిది వెతకడానికి రెండు రోజులు పడుతుంది, పట్టికలో అది ఒకటే. ఎవరు వెతుకుతారు చెప్పండి?

నాకర్థమైనంతలో ఈ పనికో చిక్కుంది. తప్పు ఉందని టెస్టరు రుజువు చేయగలదు గానీ, లేదని ఎప్పటికీ రుజువు చేయలేదు. అన్ని దారులూ నడిచి చూడటం ఎవరివల్లా కాదు. కాబట్టి ఎక్కడ వెతకాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ మనిషికి తోచినదాని మీదే నడుస్తుంది. మళ్ళీ రాని తేడాని పట్టుకుని "ఏదో ఉంది సార్" అనడమే వాళ్ళ అసలు నైపుణ్యం. దాన్ని నమ్మని మేనేజరు వాళ్ళకి జీతం దేనికిస్తున్నట్టు? పైగా పని బాగా జరిగితే కంటికేమీ కనపడదు. ఇల్లు ఊడ్చిన రోజు ఎవరూ చూడరు, ఊడవని రోజే అందరికీ కనపడుతుంది. ఆ బాధ నాకు తెలిసినంత మా ఆయనకి తెలియదు.

ఆయన టీమ్‌లో తొమ్మిదిమందిలో ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ పాపకి జ్వరం వచ్చిన ప్రతిసారీ "నెట్ పోయింది సార్" అంటుందని నేను ఎప్పుడో కనిపెట్టాను, వెనక పాప ఏడుపు వినపడుతూనే ఉంటుంది. "పాప" అన్న మాట అప్రైజల్ దాకా వెళ్తుందని ఆవిడ భయం. నెట్ పోతే అది ఎవరి తప్పూ కాదు. మరి స్క్రీన్ మీద పచ్చ చుక్క వెలుగుతోందా లేదా అని చూసేవాళ్ళ దగ్గర నిజం చెప్పి ఆవిడకి వచ్చేదేముంది?

ఈ గొడవ తరవాత ఆయనే ఒక సంగతి చెప్పారు, ఏదో ట్రైనింగ్‌లో విన్నారట. 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆవిడ (తరవాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్) ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లు లెక్క చూశారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంటే, లెక్కల్లో వాళ్ళవే ఎక్కువ తేలాయి. తీరా చూస్తే వాళ్ళు ఎక్కువ చేయడం కాదు, దాచకుండా చెప్పుకుంటున్నారు. మిగతాచోట్ల పైవాళ్ళకి భయపడి దాచేస్తున్నారు. "మరి మీ పట్టికలో తప్పులు తగ్గితే సంతోషించాలా, భయపడాలా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

నేనేదో మహా న్యాయమూర్తినని కాదు. మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న కాలేజీ బ్యాగులో మూడు వారాల మార్కుల కాగితాలు మడతపెట్టి దొరికాయి. "ఎందుకు చెప్పలేదురా?" అని అరిచాను. "చెబితే ఏం చేస్తావో ఇప్పుడు చేస్తున్నావుగా అమ్మా" అన్నాడు. మా ఆయన పక్కగదిలోంచి వింటున్నారని నాకు తెలుసు. ఒక్క మాట అనలేదు, అదృష్టం.

పోయిన నెల ఒక కాల్‌లో మళ్ళీ ఆ బిల్లు సంగతి వచ్చింది. ఈసారి ఆయన అందరి ముందూ అన్నారు, "ఆ రోజు ఆ అమ్మాయి వద్దంది. సైన్ ఆఫ్ ఇచ్చింది నేను. తప్పు నాదే." అటునుంచి కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత ఆ పిల్ల గొంతు చిన్నగా, "పర్లేదు సార్" అంది.

రాత్రి అడిగాను, ఇప్పుడు మామూలుగా మాట్లాడుతోందా అని. "మాట్లాడుతోంది" అన్నారు. "మెయిల్ కూడా పెడుతోంది. పై ఆఫీసరు పేరు తియ్యలేదు."