నడుం నొప్పికి కరెంటు చాలదు

అనకాపల్లి జిల్లా చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో నడుముకు సెలవు దొరికే నెల లేదు. వానాకాలంలో వంగి ఊడ్పులు, ఆ తర్వాత చెరకు తోటల్లో జడచుట్లు, చలికాలం వచ్చేసరికి చెరకు నరికి మోపులు కట్టి బండికెత్తడం, ఎండాకాలంలో ఉపాధి హామీ మట్టిపని. చక్కెర కర్మాగారానికి వెళ్లే చెరకైనా, అనకాపల్లి మార్కెట్‌కు చేరే బెల్లం దిమ్మయినా ఎవరో ఒకరి నడుం మీదుగా వెళ్లాల్సిందే. అలాంటి చోట నడుం పట్టేసి మంచం దిగలేని మనిషికి సరైన ఫిజియోథెరపీ అందడం మాత్రం ఇంకా అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

ఆ మనిషి తిరిగే దారి అందరికీ తెలిసిందే. మొదట ఊళ్లో ఆరెంపీ దగ్గర ఇంజెక్షను. రెండు రోజులు తేలిక, మూడో రోజు మళ్లీ మొదలు. తర్వాత మందుల షాపులో నొప్పి మాత్రలు, ఒక నడుం బెల్టు. అప్పటికీ తగ్గకపోతే అనకాపల్లికో విశాఖకో వెళ్లి ఎమ్మారై. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అనే మాట కనిపించగానే ఇంటిల్లిపాదికీ గాభరా. ‘ఎముకల మధ్య గ్యాపొచ్చింది, ఇక వంగకు, బరువులెత్తకు’ అని నలుగురూ చెబుతారు. వంగకుండా, బరువెత్తకుండా కూలి దొరికే పని ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి? సంపాదన ఆగుతుంది, అప్పు పెరుగుతుంది, భయం మిగులుతుంది. చివరికి ఎవరో చెప్పగా ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్లి పది రోజులు ‘కరెంటు పెట్టించుకుని’ వస్తారు.

ఈ దారిలో చాలా మజిలీలు అక్కరలేనివే. స్కాన్ సంగతే చూద్దాం. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. ఇరవై ఏళ్ల వయసు వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉందట. ఎనభై ఏళ్ల వాళ్లలో అది 84 శాతం. అంటే రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు. నడుం నొప్పుల్లో దాదాపు 90 శాతానికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపగల కారణం దొరకదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అదే సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా వివరించడం, క్రమపద్ధతిలో వ్యాయామం, మానసిక ధైర్యాన్నిచ్చే చికిత్స, అవసరమైన వాళ్లకు మర్దన వంటివి మేలు చేస్తాయని చెప్పింది. చేయవద్దన్న జాబితా చదివితే మన ఊళ్ల వైద్యం మొత్తం కళ్లముందు కదులుతుంది: నడుం బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ అనే కరెంటు చికిత్స.

తప్పంతా ఫిజియోథెరపిస్టులదే అనుకోవడం అన్యాయం. నాలుగున్నరేళ్లు చదివి వచ్చిన వాళ్లకు వ్యాయామం విలువ తెలియక కాదు. రోజుకింత అని తీసుకునే కొద్దిపాటి ఫీజుతో సెంటర్ అద్దె కట్టాలంటే ఒక గదిలో నలుగురిని పడుకోబెట్టి మిషన్లు తగిలించక తప్పని పరిస్థితి. ముప్పావుగంట కూర్చుని రోగి మాట వినడానికి డబ్బులిచ్చేవాళ్లు లేరు. మిషన్ పెట్టకపోతే వైద్యమే చేయలేదని అలిగి వెళ్లిపోయే రోగులూ ఉన్నారు.

ఆ ముప్పావుగంటకే ఎంత విలువుందో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరీక్ష తేల్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పితో పనులు సాగని 492 మందిని అందులోకి తీసుకున్నారు. కొందరికి మామూలుగా అందే వైద్యాన్ని కొనసాగించారు. మిగిలిన వాళ్లకు ప్రత్యేక శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు పన్నెండు వారాల్లో ఏడుసార్ల దాకా చికిత్స చేశారు, ఆ తర్వాత కొన్నాళ్లకు మరోసారి పిలిచారు. అందులో చేసిందేమిటి? నొప్పి ఎందుకొస్తోందో, దేనికి పెరుగుతోందో రోగితోనే చెప్పించడం. వంగడానికి భయపడే మనిషి చేత కొద్దికొద్దిగా వంగించడం, ఎత్తలేననుకున్న బరువును మెల్లగా ఎత్తించడం. నిద్ర, దిగులు, రోజువారీ పని గురించి కూడా మాట్లాడటం. 2023లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాది గడిచాక కూడా ఆ మేలు నిలిచే ఉంది. మనిషికి అయిదు వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా సమాజానికి ఆదా అయింది. కొందరికి కదలికలను కొలిచే సెన్సర్లు కూడా తగిలించి చూశారు. వాటివల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

తగ్గిన నొప్పి తిరగబెట్టకుండా ఉండటానికి ఖర్చు ఇంకా తక్కువ. ఆస్ట్రేలియాలోనే 701 మందిపై జరిగిన మరో పరీక్ష 2024లో వెలువడింది. ఫిజియోథెరపిస్టు సలహాతో నెమ్మదిగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడవడమే అందులో మందు. నడిచిన వాళ్లలో నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడక కార్యక్రమం లేని వాళ్లకు 112 రోజులే. చెరువు గట్టు మీద నడవడానికి ఎమ్మారై అక్కర్లేదు, ఎలా మొదలుపెట్టి ఎంత పెంచాలో చెప్పే మనిషి కావాలి.

అయితే ప్రతి నడుం నొప్పినీ వ్యాయామానికి వదిలేయకూడదు. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరెక్కడం, కాలు రోజురోజుకూ బలహీనపడటం, జ్వరంతో బరువు తగ్గడం, పెద్ద దెబ్బ తగలడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివి కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మన దగ్గర వెన్నెముకకు క్షయ సోకే కేసులు కూడా ఉన్నాయి. ఈ తేడా పట్టుకోగల మనిషి పల్లెకు దగ్గర్లోనే ఉండాలి. అప్పుడే అత్యవసరమైన ఆ కొద్దిమంది ఆలస్యం కాకుండా విశాఖ కేజీహెచ్‌కు చేరతారు, మిగతావాళ్లు నడుం పట్టుకుని గుంతల భీమిలి–నర్సీపట్నం (బీఎన్) రోడ్డు మీద బస్సులో ఊగుతూ వెళ్లే బాధ తప్పుతుంది.

ఇది మనకు సాధ్యమయ్యే పనేనా అనేవాళ్లు పక్క రాష్ట్రం వైపు చూడాలి. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని మొదలుపెట్టింది, అదీ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి నుంచి. బీపీ, షుగర్ మాత్రలతోపాటు ఫిజియోథెరపీని కూడా ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లడం ఆ పథకంలో భాగం. బ్లాకు స్థాయిలో నియమితులైన ఫిజియోథెరపిస్టులు ఊళ్లు తిరుగుతారు. మన దగ్గరా పునాది లేకపోలేదు. ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం, 104 సంచార వైద్య వాహనం, గ్రామ స్థాయిలో ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి, వాటిలో ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) ఉన్నారు. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పునరావాస సేవలుండాలని ఏనాడో రాసుకుంది. కాగితం మీది ఆ సేవ పల్లెదాకా నడిచి రావడమే మిగిలింది.

చోడవరంతోనే మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో పూర్తికాలం ఫిజియోథెరపిస్టును నియమించి, వారంలో కొన్ని రోజులు చుట్టుపక్కల పీహెచ్‌సీలకు పంపాలి. 104 వాహనం వచ్చే రోజున వెళితే రోగికి వేరే ప్రయాణం ఉండదు. ఎంఎల్‌హెచ్‌పీలకు రెండు సంగతులు గట్టిగా నేర్పాలి: ప్రమాద సంకేతాలను గుర్తించడం, మిగిలిన వాళ్లను మంచానికి అంటిపెట్టకుండా కదలమని చెప్పడం. మొదటిసారి వచ్చిన రోగికి కనీసం నలభై నిమిషాలు కేటాయించాలి. ఎన్నిసార్లు మిషన్ పెట్టారన్న లెక్క పక్కనపెట్టి, ఎన్ని వారాలకు మనిషి పనిలోకి దిగాడో రాసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు అండగా ఉంటోంది. ఆపరేషన్‌కు డబ్బిచ్చే పథకం, ఆపరేషన్ దాకా రాకుండా ఆపగల ఏడెనిమిది ఫిజియోథెరపీ సెషన్లకు కూడా ఇస్తే ఖజానాకే లాభం.

చెరకు పంట కూలీల నడుముల మీద నడిచే ప్రాంతమిది. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, స్థానిక ప్రజాప్రతినిధులు కలిసి వచ్చే చెరకు కోతల నాటికి చోడవరం ప్రభుత్వాసుపత్రిలో ఆ ఒక్క నియామకంతోనైనా పని మొదలుపెట్టాలి.